ఇన్‌వర్డు సుందరరావు ఇచ్చిన నోటీసు

సుందరరావు పనిచేసిన ఆఫీసు పేరు నేను చెప్పను. చెబితే నాకూ నోటీసు వస్తుంది, నాకంత ఓపిక లేదు. గురజాల దారిలో ఏదో ఒక సర్కారు ఆఫీసు అనుకోండి, చాలు. అందులో ఆయన ఇరవై ఎనిమిదేళ్లు ఇన్‌వర్డు బల్ల దగ్గర కూర్చున్నాడు. బయటి నుంచి వచ్చే ప్రతి కాగితం మీదా ఆయన గుండ్రటి ముద్ర పడాలి. పడకపోతే ఆ కాగితం ఆఫీసుకు రానట్టే.

ముద్ర వేయనని ఆయన ఎవరితోనూ అనలేదు. "రేపు రా" అనేవాడు, అంతే. ఒకరోజు స్టాంపు ప్యాడు ఎండిపోయేది, ఇంకోరోజు సెక్షన్ గుమాస్తా సెలవులో ఉండేవాడు. కాగితంలో ఏదో లోపం ఉందనేవాడు గానీ, ఏమిటో చెప్పేవాడు కాదు. చెబితే మర్నాడే సరిచేసుకుని వచ్చేస్తారని భయం. ఇంతా చేసి మనిషి చెడ్డవాడేం కాదు. ఆదివారం చర్చిలో ఆయన డోలక్ అందుకుంటే ముసలమ్మలు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు.

రిటైరైన మూడో నెలలో, పొద్దున్నే చర్చికి వెళుతూ గోతిలో పడ్డాడు. ఆ గొయ్యి తవ్వించింది ఆయన ఆఫీసే. పైపు వేశారు, పూడ్చడం మర్చిపోయారు. కుడి మణికట్టు విరిగింది. అరవగా అరవగా, యార్డులో మిరప టిక్కీలు, అదే బస్తాలు, మోసే దానయ్య కుంటుకుంటూ వచ్చి పైకి లాగాడు. ఆ దారిలో ఇంకెవరూ లేరు. కట్టు విప్పాక చూస్తే ఎముక వంకరగా అతుక్కుంది. గుంటూరులో మళ్లీ ఆపరేషన్ చేయించకపోతే డోలక్ సంగతి మర్చిపోవాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. పెన్షన్‌తో అయ్యే పని కాదది. ఆ ఖర్చు ఆఫీసు దగ్గరే రాబట్టాలని సుందరరావు పంతం పట్టాడు.

వకీలు జుబేర్ దగ్గరికి వెళితే, సర్కారు మీద దావా తిన్నగా వేయడం కుదరదన్నాడు. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, రెండు నెలలు ఆగాలి, ఆ తర్వాతే కోర్టు. నోటీసు తానే రాసి రిజిస్టర్ పోస్టులో పంపుతానన్నాడు కూడా. సుందరరావు వింటేనా. తన బల్ల, తన ముద్ర, ఇక పోస్టు దేనికన్నాడు. కాగితాల్లో తనకు తెలియనిదేముందని ఎడమచేత్తో తనే రాసుకుని, ఆఫీసుకు బయల్దేరాడు.

ఇప్పుడా బల్ల దగ్గర అఫ్రీన్ ఉంది. రిటైరయ్యే ముందు నెల రోజులు ఆమెకు పని నేర్పింది ఈయనే. నోటీసు మొత్తం నాలుగు పేజీలు. మూడింటి నిండా ఆయన సర్వీసు విశేషాలు, నాలుగోదాని నిండా కాంట్రాక్టరుకు తిట్లు. ఎప్పుడు పడ్డాడో, ఎక్కడ పడ్డాడో ఎక్కడా లేదు. అది చెప్పి అఫ్రీన్ కాగితం వెనక్కి ఇచ్చేసింది. మర్నాడు రాసుకొస్తే ఇంటి చిరునామా లేదంది. ఆ మర్నాడు, ఇంతకీ మీకేం కావాలో అడగనేలేదు సార్ అంది. సుందరరావుకు ఒళ్లు మండిపోయింది. తన విద్య తన మీదే ప్రయోగిస్తోందని బజారంతా చెప్పుకొచ్చాడు. మేం పైకి అయ్యో అని, లోపల నవ్వుకున్నాం.

జుబేర్ మాత్రం నవ్వలేదు. ఆ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా రెండు నెలలు ఆగి వేసిన దావాను కోర్టు కొట్టేసేదని, ఆ అమ్మాయి మిమ్మల్ని మూడుసార్లు కాపాడిందని చెప్పాడు.

నాలుగోరోజు అఫ్రీన్ ముద్ర వేసి నకలు చేతికిచ్చింది.

"ఏది లేదో చూడమని మీరే నేర్పారు సార్. చూసినాక చెప్పకుండా ఎట్టా ఉంటాం?" అంది.

ఆ మాటకు దానయ్య గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయానని సుందరరావు తర్వాత నాతోనే అన్నాడు. ఆరేళ్ల కిందట ఆ ఆఫీసు గేటే ఊడి దానయ్య కాలి మీద పడింది. నోటీసు పట్టుకుని దానయ్య తొమ్మిదిసార్లు ఈయన బల్ల దగ్గరికి వచ్చి, "రేపు రా" అనిపించుకుని వెళ్లాడు. పదోసారి వచ్చేలోపు దావాకు గడువు దాటిపోయింది. ఇప్పుడు సుందరరావు దావాకు సాక్షి కావాలి. ఉన్న సాక్షి ఆ దానయ్య ఒక్కడే.

సాయంత్రం నకలు పట్టుకుని దానయ్య ఇంటికి వెళ్లాడు. తమాషా చూద్దామని నేనూ తోడు వెళ్లాను. సుందరరావు సాక్ష్యం మాట ఎత్తబోయి, మధ్యలో ఆగి, నావల్ల నీకు అన్యాయం జరిగింది దానయ్యా అన్నాడు. దానయ్య నకలు తీసుకుని ముద్ర మీద వేలు పెట్టి రుద్ది చూశాడు.

"ప్యాడు ఎండిపోలా అన్నమాట," అన్నాడు. కాగితం తిరిగి ఇస్తూ, "సాక్ష్యం సంగతి రేపు రండి సారూ, చెబుతా."

మర్నాడు వెళితే లోడు దించాలి, రేపు రమ్మన్నాడు. ఆ మర్నాడు చొక్కా ఆరలేదన్నాడు. జుబేర్ కంగారుపడ్డాడు. రెండు నెలలు ఎటూ ఆగాలిగా అని, సుందరరావు ఆ వంకర చేయి ఊపుకుంటూ నోరెత్తకుండా రోజూ వెళ్లాడు. తమాషాకి బయల్దేరిన నేను కూడా నవ్వడం మానేశాను.

తొమ్మిదోరోజు మేం వెళ్లేసరికి దానయ్య ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మీకూ తొమ్మిదైనాయి సారూ. పదండి వకీలు దగ్గరికి," అని, కుంటుకుంటూ మాకంటే ముందు నడిచాడు.