రాకాసి గుళ్ల దగ్గర ఆగిన మంద

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. పరీక్షకు నిలవని మాటను పక్కన పెట్టడం నా అలవాటు. ఈ సంగతినీ పక్కన పెట్టాలనే చూశాను.

కల్వకుర్తికి కొంత దూరంలో, మా ఊరి గుట్ట కింద చరిత్రపూర్వ కాలపు సమాధులున్నాయి. పెద్ద బండలను వలయంగా పాతి, నడుమ రాళ్లు కుప్పపోసినవి. ఊళ్లో రాకాసి గుళ్లంటారు. అక్కడ తవ్వకూడదని, రాయి కదపకూడదని ప్రభుత్వం బోర్డు పెట్టింది. మేతకు మాత్రం అడ్డు లేదు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి. మెట్ట చెలకలన్నీ ఎండినా, రాళ్ల నీడన తేమ నిలిచి ఆ వలయాల్లో గడ్డి పచ్చగానే ఉంది. మా ఎదురింటి మల్లమ్మక్క గొర్రెల మంద అంచుదాకా వెళ్లి ఆగిపోయేది. వాన పడేదాకా అక్కడ మేపగలిగితే మంద దక్కుతుంది. లేకుంటే అంగడికి తోలాల్సిందే.

“నాకేం భయం లేదు సారూ, గొర్లకే ఉన్నది. మీ సైన్సు జర వాటికి చెప్పుండ్రి,” అంది.

ప్రయత్నించాను. అదే గడ్డిని కోసి బయట వేస్తే ఆత్రంగా తిన్నాయి. కాబట్టి రుచి కారణం కాదు. వలయం లోపల పెట్టి చూస్తే దిక్సూచి ముల్లు తడబడలేదు. పాముల జాడ లేదు. చెలక గట్టు రాళ్లతో వేరేచోట అటువంటి వలయమే పేర్చాను. మంద నేరుగా అందులోకి నడిచింది. పాత బెదురేదో అలవాటై ఉంటుందని, పక్క ఊరి నుంచి ఒక గొర్రెపిల్లను తెచ్చి లోపల దించాను. గడ్డిని మూతితోనైనా తాకకుండా బయటికి వచ్చేసింది.

చివరికి మల్లమ్మక్క లోపల ఉప్పు చల్లి పిలిచింది. ఉప్పు కోసం ఎంత దూరమైనా వచ్చే పొట్టేలు బండల దగ్గరే నిలబడింది.

“కొత్తల్లుని లెక్క బతిమాలిచ్చుకుంటాంది సూడు,” అని నవ్వింది.

కొడవలితో కోయగలిగినంత కోసింది. మందకు అది చాలలేదు. సగం గొర్రెలను అమ్మేసింది.

తర్వాత వాన పడింది. చెలకలు పచ్చబడ్డాక ఒక మధ్యాహ్నం అటు వెళ్లాను. మిగిలిన గొర్రెలన్నీ వలయాల లోపల పడుకుని తీరిగ్గా నెమరు వేస్తున్నాయి. ఎవరూ తోలలేదు. నేలకు పట్టిన వాసనేదో వానకు కొట్టుకుపోయి ఉంటుందనుకున్నాను. కానీ మరుసటి ఎండాకాలం, నేల మళ్లీ ఎండాక కూడా, అవి అక్కడే మేశాయి.

“అమ్మినంక లోపటికి పోతున్నయి. గదేదో అప్పుడే పోతే నా మంద నాకుండేది గద సారూ. ఎందుకు పోలె?”

ఆమె దయ్యం సంగతి అడిగి ఉంటే కొట్టిపారేసేవాణ్ని. తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.