ఒడ్డు మీది గండాలకి బీమా

“ఆ మాట నోట్లోంచి రానీకమ్మీ! పడవ పక్కన కూకుని ఎవులైనా ఆ మాటంటారేటి? దాటేసి సదువు.”

జాయ్ టక్కున ఆగింది. కాగితం మీద వేలు తియ్యకుండానే తలెత్తి, “మొదటి లైనులోనే ఉంది కదా పిన్నీ. దాటేస్తే నీకేం అర్థమవుతుంది?” అంది.

“కాగితానికి నోరు నేదు, దాని తప్పు నేదు. నీకు నోరున్నాది. రేపు తెల్లారి పడవ నీళ్ళలోకి దిగతాది. ఈయేళ మా ఇంట్లో బిందెలోంచి సెంబుతో నీళ్ళు తీసినా, తీసినామనే అంటాం గానీ ఇంకో మాట అనం.”

మునగడం. అదీ ఆ మాట. రేపు దిగబోయే పడవ దగ్గర ఆ మాట అనడమంటే పడవకి దారి చూపించడమేనని లక్ష్మమ్మ నమ్మకం. ఆమెదే కాదు, ఆ పేటలో అందరిదీ. జాయ్ ఇల్లు కాశీబుగ్గలో, బాప్టిస్టు చర్చి వెనక వీధిలో. తన ఇంట్లో ఇలాంటి పట్టింపులు లేవు. అయినా ఎదుటి మనిషి నమ్మకాన్ని తేలిక చెయ్యడం ఆమెకి చేతకాదు. ఇందాక పడవని ముట్టుకునే ముందు చెప్పులు విప్పమంటే విప్పింది. ఇప్పుడూ అంతే. ఆ మాట వచ్చిన చోటల్లా బొటనవేలితో కప్పేసి, మిగిలినది చదవడం మొదలుపెట్టింది.

మొదటి కాగితం చవకది. జాయ్ ఇంతవరకూ బీమా చేయించిన పల్లెల్లో దాదాపు అందరూ అదే తీసుకున్నారు. సముద్రంలో పడవ పూర్తిగా పోతే డబ్బులొస్తాయి, లేకపోతే లేదు. పడవకి గండం సముద్రంలో కాక ఇంకెక్కడుంటుందని జాయ్ కూడా అనుకునేది. తీరా చూస్తే ఆ కాగితం నిండా ఆ ఒక్క మాటే. కప్పుకుంటూ కప్పుకుంటూ పోతే చదవడానికి యజమాని పేరు, తండ్రి లేక భర్త పేరు, సంతకం పెట్టే గీత మిగిలాయి. గుక్క తిప్పుకునే లోపల అయిపోయింది.

“ఇంతేనా?” అంది లక్ష్మమ్మ.

“ఇంతే.”

“సంతకం పెట్టడానికి డబ్బులు కట్టాలేటి? రెండోది తియ్యి.”

అవతల నీడలో కాళ్ళు చాపుకుని తెరచాపకి మాసిక వేస్తున్న ఢిల్లీరావు కిసుక్కున నవ్వాడు. ఆయన లక్ష్మమ్మ మొగుడు. అరవై దాటినా పడవలో తాడు లాగితే పక్కవాడు చూస్తూ ఉండాలి. ఇంటి దగ్గర మాత్రం పది మాటలకి ఒక మాట ఆడతాడు. మిగిలిన తొమ్మిదీ ఆవిడ వాటా.

పడవ కాగితాల్లో యజమాని పేరు లక్ష్మమ్మది. పడవ యజమాని అయిన ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ పడవ ఎక్కలేదు. ఆడవాళ్ళు ఎక్కకూడదని ఆ పేట కట్టు. ఎక్కకపోయినా పడవ ఆవిడ మాట వింటుందని ఊళ్ళో అంటారు. తెల్లవారుజామున ఒడ్డున నిలబడి, కొబ్బరాకు ఎటు వాలుతోందో చూసి, “ఈయేళ గాలి దొంగది, దూరం ఎల్లకండి” అని కేకేస్తే, మోటారు బోట్ల వాళ్ళు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడు ఆవిడకి పడవ లేదు, అమ్మడానికి ఎండుచేపలు లేవు. అప్పుడు పలాస వచ్చి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనిలో చేరింది. పక్క పీట మీద కూర్చునేది జాయ్ తల్లి రూతు. జీడిసొన అంటి వేళ్ళు నల్లబడి, తొక్క ఊడిపోతుంటే, చేతులకి ఎంత బూడిద రాసుకోవాలో, ఎప్పుడు రాసుకోవాలో నేర్పింది రూతే. రెండేళ్ళు ఆ పీటల మీద ఇద్దరూ చెప్పుకోని మాట లేదు. రూతు కూతురు బీమా పనిలో చేరిందని విని, “ఆ గుంటనే పంపు. అది నెమ్మదిగా సెప్తాది, నెమ్మదిగా వింటాది” అని లక్ష్మమ్మ కబురు పెట్టింది. అందుకే జాయ్ ఇవాళ వజ్రపుకొత్తూరు దాటి, ఆటో దిగి, ఇసకలో నడిచి ఇక్కడికి వచ్చింది.

రెండో కాగితం ఖరీదైనది. నాలుగు పేజీలు. మొదటి రెండు పేజీల నిండా మళ్ళీ అదే మాట. జాయ్ వాటిని తిప్పేసి మూడో పేజీకి వచ్చింది. తను కూడా ఆ పేజీ ఎన్నడూ పైకి చదవలేదు. అంతవరకూ వినే ఓపిక ఎవరికుంది?

“‘పడవను ఒడ్డుకు లాగునప్పుడు గాని, నీటిలోనికి దింపునప్పుడు గాని, ఒడ్డున నిలిపి ఉంచినప్పుడు గాని...’”

“ఆగాగు. ఒడ్డునేటి?”

“‘...ఒడ్డున నిలిపి ఉంచినప్పుడు గాని, తుఫాను వలన, చెట్టు పడుట వలన, వాహనము లేక పశువు తగులుట వలన కలుగు నష్టము...’”

లక్ష్మమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసుకుని ముందుకి వంగింది. “పశువని రాసున్నాదేటి? నిజంగా?”

“ఇదిగో, ఇక్కడ.”

“ఓలయ్యా, ఇన్నావా? గిత్త సంగతి కాగితంలో ఉన్నాది!”

ఢిల్లీరావు సూది ఆపి, “ఎవుడో మనోడే రాసుంటాడు” అన్నాడు.

“ఏ గిత్త పిన్నీ?” అంది జాయ్. కాగితం ఒళ్ళో పెట్టుకుంది. మంచి కథ రాబోతోందని ఆమెకి తెలిసిపోయింది.

“మా పెళ్ళైన రెండో ఏడు. అప్పుడు మాది సెక్క తెప్ప. ఊళ్ళో పెళ్ళి. రామూర్తి మావ గిత్తని తోలుకొచ్చి, కట్టడానికి ఊళ్ళో ఇంకేటీ నేనట్టు మా తెరసాప కొయ్యకి కట్టి కల్లుకెల్లినాడు.”

“కల్లుకి కాదు. గెడ్డం గీయించుకోడానికి.”

“ఏదో ఒకటి, ఎల్లినాడు. ఈలోపల పెళ్ళోరు తారాజువ్వ ఎలిగించినారు. గిత్త బెదిరి ఒక్క గుంజు గుంజినాది. కొయ్య ఊడి సేతికొచ్చీసినాది. సేతికి కాదు, మెడకి! కొయ్య, సాప, తాళ్ళు అన్నీ ఈడ్సుకుని జీడితోటల్లో పడి పరుగు. నాను ఎనకాల, ఈయన నా ఎనకాల, రామూర్తి మావ సగం గెడ్డంతో ఈయన ఎనకాల. తోట దాటి బీట్లోకొచ్చేతలికి సాప ఇప్పుకున్నాది. పైగాలి! ఇంక దాన్ని ఎవులు పట్టుకుంటారమ్మీ? గిత్తకి గాలి తోడైపోనాది. పూండి సంత కాడ ఆగినాది. సంతలో జనాలు, ఉద్దానపోళ్ళు నేల మీద కూడా సాపెత్తేసినారురా అని ఒకటే నవ్వు.”

జాయ్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఢిల్లీరావుకి నవ్వి నవ్వి దారం చిక్కుపడింది.

లక్ష్మమ్మ మాత్రం నవ్వు మధ్యలోనే ఆగింది. కుడిచేతి చిటికెన వేలు మడిచింది. “ఇది గిత్త. ఆ తరవాత కొబ్బరికాయల ట్రాక్టరు ఎనక్కొచ్చి పడవ ముక్కు ఇరగ్గొట్టింది. రెండు. కెరటం ఇసకలో యిసిరితే పక్క పగిలింది, అదీ ఒడ్డునే. మూడు. తిత్లీకి పడవని జీడితోట దాకా మోసుకెల్లి కట్టినాం, సంద్రానికి దూరంగా ఉంటే సల్లగుంటాదని. కొబ్బరిసెట్టు నడుం మీద పడిపోనాది. నాలుగు.” ఆ చేతిలో బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఎడమ చెయ్యి చాపి చూసుకుంది. “ఇది సంద్రానికి. ఇందులో ఒక్క యేలూ మడవనేదు.”

“తల్లి సల్లగా సూసింది” అని ఢిల్లీరావు పడవని తాకి కళ్ళకద్దుకున్నాడు.

“నలబై ఏళ్ళు సంద్రం కేసి దణ్ణాలు పెట్టినాం. మనల్ని ముంచి...” లక్ష్మమ్మ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కకి తిరిగి మూడుసార్లు ఉమ్మేసి, పసుపు రాసిన పడవ ముక్కు ముందు లెంపలేసుకుంది. జాయ్ విననట్టు ఆకాశంలోకి చూసింది. ఢిల్లీరావు మాత్రం తల వంచుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు.

“నవ్వు, నవ్వు. నీ పడవే” అని కసిరి, ఆవిడ మళ్ళీ జాయ్ వైపు తిరిగింది. “మనల్ని నేలే దెబ్బ కొట్టింది అంటన్నాను. ఆ సవకది నాకొద్దు. ఇది రాయి.”

“పిన్నీ, ఇది దానికి రెట్టింపు పడుతుంది. ఆలోచించుకో.”

అక్కడ ఆవిడ వెనక్కి తగ్గింది. డబ్బులు లేక కాదు. ఉన్నాయి, కానీ అవి కొత్త తెరచాప గుడ్డ కోసం దాచినవి. ఆ గుడ్డ ఎందుకో జాయ్‌కి అర్థం కావాలంటే పాత చాప చూడాలి. లక్ష్మమ్మ ఒక మూల పట్టి లాగి చూపించింది. సగం టార్పాలిన్, సగం కాశీబుగ్గ చీరల కొట్టు ఫ్లెక్సీ. దాని మీద నిలువెత్తు పెళ్ళికూతురు, ఒంటినిండా నగలు, ముప్పై రెండు పళ్ళూ కనిపించేలా నవ్వు.

“మూడేళ్ళ బట్టీ ఇదీ మీ సిన్నాన్న యెవ్వారం. నన్ను ఎక్కనివ్వరు గానీ, దీన్ని రోజూ సంద్రం మీద తిప్పుకొత్తాడు. బోట్లోళ్ళు దూరాన్నించి సూసి, అదిగో ఢిల్లీరావు రెండో పెళ్ళాం ఒత్తంది అంటారు. ఈ యేడు దీన్ని పుట్టింటికి తోలేద్దామనుకున్నాను.”

ఢిల్లీరావు చాప సవరించి, పెళ్ళికూతురి ముక్కు దగ్గర చిరుగుని జాగ్రత్తగా దగ్గరికి లాగాడు. “సాప సిరిగితే కుట్టుకుంటాను. పడవ ఇరిగితే కుట్టగలనేటి?” అన్నాడు. ఆ పూటకి ఆయన ఆడిన మాటల్లో అదే పెద్దది. తరవాత ఇంకో నాలుగు చేర్చాడు. “అదుంటే ఉండనీ. నువ్వుండగా అదెంత.”

లక్ష్మమ్మ ముఖం అటు తిప్పుకుంది గానీ, చెవి వెనక దాకా పాకిన నవ్వు జాయ్ కంట పడనే పడింది.

“ఇన్నావుగా. రాసెయ్యి” అంది.

జాయ్ ఫోనులో ఫారం తెరిచింది. పేరు, ఊరు, పడవ పొడవు సాఫీగా పోయాయి. తరవాత ఇంజిను నెంబరు అడిగింది. ఖాళీగా వదిలితే ముందుకి జరగదు. టెక్కలి ఆఫీసులో ఉండే ప్రదీప్ కుమార్‌కి ఫోను చేస్తే, “అక్కా, సున్నా కొట్టెయ్యి, ఎవరు చూస్తారు?” అన్నాడు.

“సున్నా గిన్నా ఒద్దు” అంది లక్ష్మమ్మ. “రేపు ఏటైనా అయితే, ఇంజినుందని సెప్పినారు, అదేదీ అంటాడు మీవోడు. మాది గాలితో ఎల్లే పడవ. గాలికి నెంబరు ఉంటాదేటి? ఉన్నది ఉన్నట్టు రాసే సోటు ఉంటాది, ఎతుకు.”

జాయ్ ఓపిగ్గా వెతికింది. మోటారు, మరపడవ, ట్రాలరు అన్నీ దాటి జాబితా అట్టడుగున చిన్న అక్షరాల్లో కనిపించింది: తెరచాప పడవ. దాన్ని నొక్కగానే ఇంజిను గడి మాయమైపోయింది. లక్ష్మమ్మ ఫోను తెర మీదికి వంగి, తన పడవని ఆ పేరుతో చూసుకుని, “అదిగో!” అంది, తప్పిపోయిన మేకపిల్ల దొరికినంత సంబరంగా.

నాలుగు పక్కలా ఫొటోలు తీశారు. నాలుగో ఫొటోకి ఢిల్లీరావుని పడవ పక్కన నిలబెట్టి, లక్ష్మమ్మ తనూ వచ్చి నిలబడింది. యజమాని ఉండక్కర్లేదని జాయ్ చెబితే, “నీకక్కర్నేదు, నాకుంది” అంది. ఫ్యాక్టరీలో రూతు నేర్పిన సంతకం, ఒక్కో అక్షరం వత్తి పెట్టింది. చాప గుడ్డకి దాచిన డబ్బు తెచ్చి ఇస్తే జాయ్ లెక్కపెట్టుకుంది, కట్టినట్టు ఫోను టింగుమంది. ఈ రాత్రి పన్నెండు దాటిన దగ్గర్నుంచి పడవ బీమాలో ఉన్నట్టేనని జాయ్ చెప్పగానే, లక్ష్మమ్మ లోపలికి వెళ్ళి ఎండు నెత్తళ్ళ పొట్లం తెచ్చి ఆమె సంచిలో కుక్కింది. వద్దన్నా వినలేదు.

జాయ్ చెప్పులు తొడుక్కుని ఆటో కోసం రోడ్డు వైపు తిరిగింది.

“అటు కాదు” అంది లక్ష్మమ్మ, గొంతు తగ్గించి. “ఇటు నాలుగిళ్ళు దాటినాక పచ్చ పడవ ఉన్నాది సూడు. అది మా ఆడబడుసు గౌరమ్మది. దాని దగ్గర సవక కాగితమే ఉన్నాది, నాకు తెలుసు. కొళాయి కాడ మాటా మాటా అనుకుని నెల్లాళ్ళయింది, మాటల్నేవు మాకు. నాను పంపినానని మాత్రం సెప్పకు, తల ఎగరేత్తాది. నీ అంతట నువ్వే వొచ్చినట్టు ఎల్లి, ఒడ్డు సంగతి ముందు సదివి ఇనిపించు. ఎల్లమ్మీ, బేగెల్లు. దాని పడవ మీదికి ఆ రెండు కొబ్బరిసెట్లూ ఎలగ వొంగున్నాయో సూడు.”