గుర్రాలు లేని టాంగా

మా పక్కింటి దర్జీ చాచా పోయారు. ఆ మాట నాకు జగిత్యాల బస్టాండులో ఫోనులో తెలిసింది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, ఆయనకిష్టమని మామిడిపండ్లు బేరమాడుతున్నాను. పండ్లు అక్కడే వదిలేసి కోరుట్ల బస్సెక్కాను.

నా మొదటి ప్యాంటు కుట్టింది ఆయనే. సిరిసిల్ల బట్ట. పెరిగే పిల్లాడినని కింద మడత ఎక్కువ వదిలారు. తర్వాత ఆయన దుబాయి వెళ్లారు. ఏం పని అని చాచీ ఫోనులో అడిగితే టాంగో దగ్గర కుట్టుపని అన్నారట. ఆమెకు టాంగా అని వినపడింది. గుర్రబ్బండ్ల సీట్లు కుడుతున్నారని వాడకట్టంతా నమ్మింది. ఆయన కాదనలేదు.

నేనూ దుబాయిలో ఏసీల పనికి చేరాక, ఒక సాయంత్రం "మా టాంగా చూద్దువు రా" అని పిలిచారు. నవ్వకండి, గుర్రాలకని జేబులో క్యారెట్లు పెట్టుకుని వెళ్లాను.

అది హోటలు కింద ఒక చిన్న గది. కాసిని బల్లలు. ఒక ముసలాయన హార్మోనియం లాంటి పెట్టెను మోకాళ్ల మీద పెట్టుకుని సాగదీస్తున్నాడు. ఒక జంట ఒకరినొకరు హత్తుకుని డాన్సు చేస్తోంది. టాంగో అంటే ఆ డాన్సట. ఆమె గౌను అంచు నా మోకాలికి తగిలింది. పక్కన పెద్దమనిషిని పెట్టుకుని అది చూడాలంటే చచ్చేంత సిగ్గేసింది. తల దించుకుని క్యారెట్లు నలుపుతూ కూర్చున్నాను.

"కాళ్లు చూడు బేటా," అన్నారు చాచా మెల్లగా. "పైన చూస్తే సిగ్గయితది. కాళ్లు చూస్తే పోతది. నేను గూడ గట్లనే అలవాటయిన."

చూశాను. ఆమె పాదం నేలను వదలకుండా మెల్లగా వెనక్కి జరిగి, అతని పాదం కోసం ఆగింది. నా సిగ్గు కొంచెం తగ్గింది.

బయటికొచ్చాక సిగ్గుపడడం ఆయన వంతయింది. కోరుట్లలో ఆయన ప్యాంట్లు, షర్టులు తప్ప కుట్టి ఎరగరు. ఇక్కడ కుడుతున్నవి ఆ డాన్సు చేసే ఆడవాళ్ల గౌన్లు.

"ఆడోళ్ల కొలతలు తీసుకుంటనని మీ చాచీకి ఏ మొఖంతోని చెప్పాలె? గుర్రాలే ఉండనియ్."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. తర్వాత ఆయన దుబాయి వదిలి కోరుట్ల వచ్చేశారు.

ఇప్పుడు పలకరించడానికి వెళ్లాను. భర్త పోయాక పరాయి మగవాళ్లకు కనపడని ఇద్దత్ గడువు పాటిస్తోంది కాబట్టి చాచీ లోపలి గుమ్మం పరదా వెనక నుంచే మాట్లాడింది.

"గా టాంగా నువ్వొక్కనివే చూసినవంట. ఎట్లుండె బేటా?"

"మంచిగుండె చాచీ. తెల్ల గుర్రాలు," అన్నాను. చిన్నప్పుడు నాకు అన్నం పెట్టిన మనిషికి, అదీ ఇలాంటి రోజున, అబద్ధం చెబుతున్నందుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.



"సెలవుల అచ్చినప్పుడల్లా వంటింట్ల నా చెయ్యి వట్టుకొని మెల్లగ ఎనుకకు నడిపిస్తుండె," అంది చాచీ. "గుర్రబ్బండోళ్లు గట్ల నడుస్తరా? నాకు ఎప్పటిసందో ఎరుకే. అడిగితే ఆయనకు సిగ్గయితదని అడగలె."

నేను తల ఎత్తలేకపోయాను. ఆ పరదా నేల దాకా రాదు. దాని కింద చాచీ పాదం కనిపించింది. అది నేలను వదలకుండా మెల్లగా వెనక్కి జరిగి, అక్కడ ఆగింది.