బల్బు మసకబారితే పండగ

ఆ రోజుల్లో మరాఠీ రాష్ట్రం అంచున, నది ఒడ్డునున్న మా సిరోంచలో కరెంటు ఎప్పుడొస్తుందో, వస్తే ఎంతసేపుంటుందో ఎవరికీ తెలిసేది కాదు గానీ, అది కొడితే ఎట్లా ఉంటుందో మాత్రం అందరికీ తెలుసు. అలాంటి ఊళ్ళో కూర్చుని సొంతంగా ఆంప్లిఫయర్ తయారు చేస్తానని బయలుదేరానంటే, దానికి కారణం నా తెలివి కాదు, నా వయసు. అహేరీలో ఎలక్ట్రానిక్స్ కోర్సు చదువుతూ, పక్కనే నాగేపల్లిలో గది తీసుకుని ఉండేవాణ్ని. సెలవులకి ఇంటికొస్తే చాలు, వాడలో ఎవరి రేడియో దొరికినా వెనక మూత ఊడదీసేవాణ్ని. (మళ్ళీ బిగించిన సందర్భాలు కూడా ఉన్నాయి.)

ఆ యేడు బతుకమ్మ పండక్కి ముందు మా అమ్మకీ మైకు మామకీ మాటామాటా వచ్చింది. ఊళ్ళో మైకు సెట్టు అద్దెకిచ్చే మనిషి ఆయన, అందుకని పిల్లలం పెట్టుకున్న పేరది. చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి సెట్టు పక్కవాడకు ఒప్పుకున్నానని ఆయన అనేసరికి, వాడలోని ఆడవాళ్ళందరి ముందూ అమ్మకి రోషం పొడుచుకొచ్చింది. "ఉంచుకో అన్నా నీ సెట్టు! మా పోరడు ఇంట్ల కూసోని గసొంటిదే తయారు జేస్తుండు. ఈసారి మా వాడ పాటలు నీ దుకాణం దాక ఇనబడ్తయ్, సూడు" అనేసింది. అప్పటికి నా దగ్గరున్నవి ఒక పాత స్పీకరు, అట్టపెట్టెలో కొన్ని పార్టులు. ఆ సంగతి చెబితే, "అయితే చెయ్యి, నేనేమన్న ఒద్దన్ననా?" అంది. నా చదువు మీద అంత నమ్మకం నాక్కూడా లేదు. పాట మోగకపోతే నాకు పోయేదేమీ లేదు, నవ్వేసి ఊరుకునే వయసు. అమ్మ మాత్రం ఇక ఆ ఆడవాళ్ళ మధ్య తలెత్తుకుని బతుకమ్మ ఆడలేకపోయేది.

పడవలో నది దాటి, మంచిర్యాల దాకా పోయి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాను. తిరుగుపడవలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తీరు చూసి ఒకావిడ "లడ్ల డబ్బానా బిడ్డా?" అని అడిగింది. ఆంప్లిఫయర్ బోర్డు ముందే సిద్ధమైంది. గోడ కరెంటును తగ్గించి దానికి అందించే పవర్ సప్లై మాత్రం సరిగ్గా పండగ రోజు మధ్యాహ్నానికి తయారైంది. అదే సమయానికి వాడ ఆడవాళ్ళంతా మా వాకిట్లోనే గునుగుపూలూ తంగేడుపూలూ పేర్చుకుంటున్నారు. అంటే నా మొదటి పరీక్షకి పిలవకుండానే జనం వచ్చేశారు.

కోర్సులో మాకు పాఠం చెప్పే మరాఠీ సారు ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు: "ఆధీ బల్బ్ లావ్, మగ్ హాత్ లావ్." ముందు బల్బు పెట్టు, తర్వాతే చెయ్యి పెట్టు అని. గోడ ప్లగ్గుకీ మనం చేసిన సరుకుకీ మధ్య ఒక వంద క్యాండిల్ బల్బు కలపాలి. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సరుకు కాలిపోకుండా మిగులుతుంది. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని, ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలని కూడా సారు చెప్పాడు గానీ, లుంగీకి జేబు ఉండదు కాబట్టి ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, రబ్బరు చెప్పులతో చెక్క పీటెక్కి నిలబడ్డాను. "చెయ్యికేమైందిరా?" అంది బాపమ్మ, మా నాన్న తల్లి. అమ్మ చేతికి బర్లను తోలే టేకు కట్టె ఇచ్చి, "నాకు కరెంటు కొడితే చేత్తోటి ముట్టకే. ముందు స్విచ్చు బందు చెయ్. అందకపోతే గీ కట్టెతోటి నన్ను తప్పియ్" అన్నాను.

స్విచ్చు వేశాను. బల్బు పెళ్ళివారింటి దీపంలా వెలిగింది. అంటే లోపల షార్టు. వాకిట్లో మాత్రం చప్పట్లు! "సూసిన్రా, ఎట్ల ఎలిగిచ్చిండో!" అని అమ్మ అందరికీ బెల్లం ముక్కలు పంచడం మొదలుపెట్టింది. బాపమ్మ బల్బుకి దండం పెట్టింది. "అమ్మా, ఫెయిలైందే" అంటే, "గింత మంచిగ ఎలుగుతుంటే ఫెయిలంటవేందిరా, పిచ్చోడా?" అని నా నోట్లో కూడా బెల్లం కుక్కింది.

ప్లగ్గు పీకి, కండెన్సర్లలో మిగిలిన కరెంటు దిగిపోయేదాకా ఆగి, బెల్లం నములుతూ వెతికాను. నాలుగు డయోడ్లలో ఒకదాని వెండి గీత అటు ఉండాల్సింది ఇటు ఉంది. తిప్పి అతికించి మళ్ళీ పీటెక్కాను. ఈసారి బల్బు తళుక్కుమని మెరిసి, అంతే, మసకబారిపోయింది. "అయ్యో, పాయె!" అని వాకిలంతా నిట్టూర్చింది. నాకు ఆనందం ఆగలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకునే ఉన్నానన్న సంగతి మరిచి, పీట మీదే ఒళ్ళంతా ఊపుతూ గంతులేస్తూ కేక పెట్టాను.

మరుక్షణం ఎడమ భుజం మీద టేకు కట్టె దిగింది. నేను కింద పడ్డాక కూడా ఇంకొకటి దిగింది.

"పాసైందే అమ్మా, పాసైందే! ముందు స్విచ్చు బందు చెయ్యమన్న గదనే!" అని ఏడుస్తూ అరిచాను. "స్విచ్చు నీ ముందున్నదిరా, నేను నీ యెనకున్న" అంటూ అమ్మ కట్టె పారేసి నన్ను ఒళ్ళోకి లాక్కుంది. "మరి అంత గట్టిగ కొడ్తవానే?" అంటే, "మెల్లగ కొడితే కరెంటు ఇడిసిపెడ్తదా?" అని ఏడ్చేసింది. అప్పుడర్థమైంది, ఆమె పాట సంగతి ఎప్పుడో మరిచిపోయిందని.

సాయంత్రం పాటలు మోగాయి. నేను భుజానికి పసుపు పట్టు వేసుకుని ఒంటిచేత్తో క్యాసెట్లు మార్చాను. మైకు మామ సందు చివర నిలబడి చాలాసేపు విని, దగ్గరికొచ్చి, "జర గుయ్యిమంటుంది గానీ, మంచిగనే మోగుతుందిరా అల్లుడా" అన్నాడు. బతుకమ్మ చుట్టూ తిరుగుతున్న అమ్మ అక్కడినుంచే, "మోగదా మరి, ఊకెనే అయిందా అన్నా!" అంది, తలెత్తుకునే.

ఇప్పుడు నా బల్ల మీద మంచి మీటరుంది, ప్యాంటుకి జేబులూ ఉన్నాయి. అయినా ఏ కొత్త సప్లైకైనా ముందు బల్బే పెడతాను. అది ఒక్కసారి మెరిసి మసకబారగానే నా ఎడమ భుజం దానంతటదే పక్కకి తప్పుకుంటుంది. వెనక ఎవరూ లేరని తెలిసి కూడా ఒకసారి తిరిగి చూసుకుంటాను.