పరిష్కారమైనవి అనే గడి

కర్నూలు వైపు ఒక కుటుంబ కోర్టుకు (ఏదో చెప్పను) నేను సూపరింటెండెంటుగా బదిలీ అయింది పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో. పాత మాటలో శిరస్తాదారు. జడ్జిగారి కింద ఆఫీసు నడిపేవాడు. ప్రతి నెలాఖరుకూ పైకి మేము ఒక పట్టిక పంపాలి. అందులో మూడే గడులు: కొత్తగా దాఖలైనవి, పరిష్కారమైనవి, మిగిలినవి.

పరిష్కారమైనవి అంటే విడాకులు మంజూరైనవని చదివేవాళ్లు అనుకుంటారు. కొట్టేసిన కేసు, వెనక్కి తీసుకున్న కేసు, పిలిస్తే ఎవరూ రాక మూసేసిన కేసు, అన్నీ ఆ గడిలోకే వస్తాయి. పైగా ఒకే జంట విడాకులకొకటి, మనోవర్తికొకటి, బిడ్డ కోసం ఒకటి వేస్తే మాకవి మూడు కేసులు. ఆ అంకెలు పట్టుకొని పత్రికలవాళ్లు కాపురాలు కూలిపోతున్నాయని రాసేవారు. ఇదంతా తెలిసిన నేనే వాళ్లను నమ్మేవాణ్ణి. పొద్దస్తమానం విడిపోవాలని వచ్చినవాళ్లనే చూస్తుంటే, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, ఊళ్లో నిలిచిన కాపురమే లేదనిపించేది.

రెండో ఏడు రాజంపేట నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. కూతురు హారికకు డోన్ సంబంధం వచ్చిందని, పిల్లకు అబ్బాయి నచ్చాడని, ఇక తాంబూలాలే తరువాయి అని చెప్పింది. అబ్బాయి తండ్రి పేరు ఎక్కడో చూసినట్టనిపించింది. రిజిస్టరు తిప్పాను. అబ్బాయి అన్న మద్దిలేటి, అతని భార్య లక్ష్మీదేవి కలిసి వేసిన విడాకుల పిటిషన్ దొరికింది. ఎదురుగా 'పరిష్కారం' అని ఉంది. ఫైలు తెరవలేదు. ఆ ఇంట్లో విడాకులయ్యాయి, వద్దని చెప్పేశాను. కోర్టు రికార్డులోని మాట ఇంటికి చేరవేయడం ఒక తప్పు, చదవకుండా చేరవేయడం రెండోది. చెల్లెలు సంబంధం వదులుకుంది. హారిక నాతో మాట్లాడటం మానేసింది.

నెల తిరక్కముందే ఒక జంట మా సెక్షన్‌కు వచ్చింది. పెళ్లయినట్టు రుజువుగా పిటిషన్‌తో పెళ్లి ఫోటో జతచేస్తారు; అది వాపసు కావాలట. పేర్లు అడిగితే మద్దిలేటి, లక్ష్మీదేవి అన్నారు. విడిపోయినవాళ్లకు పెళ్లి ఫోటో ఎందుకని అడిగాను.

"యాడ విడిపోయినాం సార్?" అంది లక్ష్మీదేవి. "ఆఖరు వాయిదా దినం మా అమ్మోళ్లింటి నుంచి నేను, వాళ్లింటి నుంచి ఈయప్ప డోన్ బస్టాండుకొచ్చినాం. బస్సు కాడ శానా మంది ఉండారు. ఈయప్ప కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టినాడు. పట్టి, నన్ను కూచోమన్నాడు. వెల్దుర్తి దాకా నిలబడే వచ్చినాడు. ఆడ ఇద్దరం దిగి, తిరుగు బస్సెక్కినాం."



ఫైలు తెప్పించాను. ఇద్దరూ ఒప్పుకొని వేసిన పిటిషన్‌లో ఆరు నెలల గడువు తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. బంట్రోతు మూడుసార్లు పిలిచినా ఎవరూ రానందున కొట్టేశామని అందులో స్పష్టంగా ఉంది. దరఖాస్తు రాయించి, ఫోటో స్థానంలో జిరాక్స్ పెట్టి, జడ్జిగారి ఉత్తర్వు తీసుకొని, సంతకం చేయించుకొని ఇచ్చాను.

సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి తప్పు నాదేనన్నాను. నా కుర్చీకో దండమని, నేనే పోయి ఆ ఇంట్లో చెప్పుకోవాలని తిట్టింది. ఆదివారం డోన్ వెళ్లాను. సిగ్గుతో చచ్చిపోయాను, దాచుకోను. అబ్బాయి తల్లి అంతా విని, కోప్పడలేదు.

"మా ఇంట్లో కొట్లాట నిజమే. ఒక మాట అడిగింటే మేమే చెప్పేవాళ్లం కదన్నా," అంది.

ఆ శ్రావణంలో పెళ్లయింది. హారిక నన్ను క్షమించింది, కాకపోతే ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

లెక్కలు అబద్ధమని నేననను. పెద్దమనుషుల ముందు కాగితం రాసుకొని విడిపోయి, ఏ కోర్టు గడపా తొక్కనివాళ్లు సీమలో ఉన్నారు; వాళ్లు ఏ గడిలోనూ లేరు. కోర్టు ఎంత పని చేసిందో మాత్రమే మా పట్టిక చెబుతుంది. ఒక ఇంట్లో ఏం జరిగిందో తెలియాలంటే ఆ ఇంటి తలుపు తట్టి అడగాలి. నేనూ తట్టాను, సంబంధం చెడగొట్టిన తర్వాత.