మా అత్తకు ఎవరూ లేరు

మా అత్త పోయిందన్న మాట నాకు నల్లంపల్లిలో, మా అమ్మాయి ఇంట్లో దోసెలు పోస్తుండగా తెలిసింది. మా ఆయన ఫోను చేసి, "అమ్మ పోయినాది. పొద్దున కాఫీ ఇయ్యబోతే ఒళ్ళు చల్లగా ఉండాది. బస్సెక్కి వచ్చేయ్" అని పెట్టేశాడు. పొయ్యి ఆర్పి, చెయ్యి కడుక్కుని, హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ముందుగా వచ్చింది ఒక అనుమానం. రెండు రోజులు నేను ఇంట్లో లేనప్పుడు చూసి పోయిందా అని. వినడానికి బాగుండదు కానీ, అనుమానించడం నాకు మా అత్త నేర్పిన విద్య.

మాది తమిళ ప్రాంతంలో పెరియంపట్టి. నాలుగు ఆవులు, వాన పడితే రాగి, పడకపోతే ఎదురుచూపు. నేను హోసూరు పక్క నుంచి వచ్చిన కోడలిని, తెలుగు బడిలో చదువుకున్నాను, కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడినా మావాళ్ళలో చాలామందికి ఈ అక్షరాలు రావు. మా అత్తకైతే ఏ భాష అక్షరాలూ రావు. అందుకే ఆమె ఏ కాగితాన్నీ నమ్మేది కాదు.

కాగితాన్నేమిటి, మజ్జిగనూ నమ్మేది కాదు. వాసన చూడకుండా ఒక్క గుక్క తాగి ఎరగదు. రాగిపిండి కుండలో పిండిని సమంగా చదును చేసి, మీద చూపుడు వేలితో అడ్డంగా ఒక గీత గీసి మూత పెట్టేది. ఎవరైనా తీస్తే తెలియాలని. కొత్త కోడలిగా వచ్చిన నెలలోనే నేను గుప్పెడు పిండి తీసి, మళ్ళీ చదును చేసి, నా వేలితో గీత గీసి పెట్టాను. సాయంత్రం మూత తీసి చూసి, "ఇది నా వేలు కాదే, సన్నంగా ఉండాది" అంది. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను. ఆమె మాత్రం నవ్వి, "గీత మళ్ళా గీసినావు చూడు, నీకు సంసారం వస్తాది" అని ఆ రోజు నుంచే కుండ నాకు వదిలేసింది.

నేను కడుపుతో ఉన్నప్పుడు ఎవరింటి నుంచి ఏం వచ్చినా ముందు తను నోట్లో వేసుకుని, కాసేపు కూర్చుని, తనకేమీ కాలేదని తేలాక నాకు పెట్టేది. "నమ్మొద్దని కాదు, చూసి నమ్మాల" అనేది. ఆ అనుమానం నీడనే నేను ఇద్దరు బిడ్డల్ని కన్నాను. పుట్టింటివాళ్ళు కూడా నన్ను అంత కనిపెట్టి చూసుకోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. వృద్ధుల పింఛనును మావైపు ముదియోర్ పణం అంటారు. అది ఆదరించేవాళ్ళు లేని ముసలివాళ్ళకే ఇస్తారని ఊళ్ళో మాట. రూలు నిజంగా ఏమని ఉందో మేమెవ్వరం చదవలేదు. పొయ్యి వేరుగా ఉండాలి, రేషన్ కార్డు వేరుగా ఉండాలి, విచారణకు వచ్చినవాళ్ళకు కొడుకూ కోడలూ కనపడకూడదు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అట్లా మా వీధిలో ముసలమ్మలు ఒక్కొక్కరే కాగితం మీద దిక్కులేనివాళ్ళయ్యారు. మేమూ వెనకబడతామా? మా ఆయన కొట్టం పక్కన నాలుగు రేకులు దింపి, మూడు ఇటుకలతో పొయ్యి పెట్టి, చాప పరిచాడు. అంతా ఉత్త నాటకమని, తిండీ పడకా మామూలుగా మాతోనేనని అత్తకు పదిసార్లు చెప్పాం.

మావాళ్ళలో ఒక ఆచారం ఉంది. కొడుకు వేరు పడితే, తల్లి తన పొయ్యిలోంచి నాలుగు నిప్పులు పెంకులో వేసి ఇస్తుంది. కొత్త పొయ్యి ఆ నిప్పుతోనే రాజుకోవాలి. అప్పుడు కుండలు వేరైనా ఇల్లు ఒకటే. అగ్గిపుల్ల గీసి రాజేస్తే మాత్రం తెగిపోయినట్టు. మంచికీ చెడ్డకూ ఒకరి గడప ఒకరు తొక్కరు. తల్లినే వేరు పెట్టడం ఎక్కడా లేదు గనుక దానికి ఆచారమూ లేదు. కానీ నిప్పు ఇవ్వాల్సింది ఇంటి పొయ్యి దగ్గర ఉండే ఆడమనిషి అని ఎవరికైనా తెలుసు. ఆ ఆడమనిషిని నేనే.

విచారణకు వస్తున్నారని కబురొచ్చేసరికి ఆ ఇటుకలు ఎర్రగా, కొత్తగా మెరుస్తున్నాయి. రోజూ వండుకున్నట్టు మసి పట్టాలి. మా ఇంట్లో గ్యాసు, పెరట్లో నీళ్ళు కాచే పొయ్యి అప్పటికే ఆరిపోయింది. చేతిలో అగ్గిపెట్టె ఉంది. గీసి, రెండు కొబ్బరి మట్టలు అంటించాను. చాప మీంచి చూస్తున్న అత్త, "అగ్గిపుల్లతోనా?" అని మాత్రం అడిగింది. "నాటకానికే కదా అత్తా" అన్నాను.  నేను అంతటితో మరిచిపోయాను, ఆమె మరిచిపోలేదు.

వచ్చిన అధికారి ఆ పొయ్యి వైపు చూడనైనా లేదు. మా ఆయన ఆవుల వెనక దాక్కున్నాడు. నువ్వెవరమ్మా అని తమిళంలో అడిగితే, పక్కింట్లో ఉంటాను, అప్పుడప్పుడు వచ్చి చూసిపోతుంటాను అన్నాను. తడుముకోకుండా వచ్చిన ఆ మాటకు నాకే భయం వేసింది. అత్త నా ముఖం వైపే చూస్తోంది. నీకెవరున్నారని ఆయన అడిగితే, నేర్పినట్టే ఎవరూ లేరని చెప్పింది. ఆ తర్వాత విచారణకు ఎవరొచ్చినా ఇదే పాఠం. ఎవరైనా గిట్టనివాళ్ళు పేరు లేని అర్జీ పెడతారేమోనన్న భయంతో చాప రేకుల కిందే ఉంచాం. చాప పోయి మంచం వచ్చింది. కొన్నాళ్ళకు ఆమె పడుకోవడమూ అక్కడే అయింది. లోపలికి రమ్మంటే, "ఎవురన్నా చూస్తారు" అనేది.

ఆ డబ్బు ఆమెకు మంచి చెయ్యలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బ్యాంకు తరఫున మిషను తెచ్చే అమ్మాయి వచ్చే రోజున మా అత్త పండగ చేసుకునేది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టి, చెంబు తోమినట్టు వేళ్ళను చింతపండుతో తోముకునేది, రేఖలు మిషనుకు కనపడాలని. అరిగిపోయిన వేళ్ళ ముద్రలు ఒక్కోసారి పడేవి కావు. "నేను బతికుండేది దీనికి నమ్మకం లేదంట. ఇది నా జాతిదే" అని మిషను మీద జోకు వేసేది. ఆ రోజు మనవలకు మురుకులు, తనకు ఆకూ వక్కా, కొడుకు మీద నాలుగు కేకలు. ఎనభై దాటిన మనిషి నడుం నిలబెట్టి కూర్చోవడం నేను చూశాను. కానీ అదే డబ్బు కోసం ఏటేటా తనకెవరూ లేరని తన నోటితోనే చెప్పించారు. చెప్పించింది ఆఫీసా, ఊరా, మేమా అని అడిగితే నేను మమ్మల్నే ముందు అనుమానిస్తాను. తొడపాశం పెట్టి జోలపాడింది మేమే.

తొంభై దాటాక ఆమెకు మతి తప్పడం మొదలైంది. వయసు మరుపు అన్నాడు డాక్టరు. అయి ఉండవచ్చు. కానీ ఆవుల పేర్లన్నీ గుర్తుండి, నా పేరే ఎందుకు పోయింది? ఒక రోజు సంగటి తీసుకుపోతే, నన్ను కిందా మీదా చూసి, మీ ఇల్లు ఏ పక్కమ్మా అని అడిగింది.

"ఇదే అత్తా. నేను నీ కోడల్ని."

"కోడలుంటే నాకు ముదియోర్ పణం ఎట్లొస్తాది?"

 ఆమె సంగటిని వాసన చూసి, ముద్ద పక్కన పెట్టి, "దినమూ తెచ్చి పెడతావుండావు. ఊరికే ఎవురు పెడతారు? నీకు నా దగ్గర ఏం కావాల?" అంది. నిజంగా భయపడుతూ అడిగింది. ఆ రోజు కొట్టంలోకి పోయి ఆవు పక్కన కూర్చుని బాగా ఏడ్చాను. ఎవరూ లేరన్న మాటను ఆమె నమ్మేసింది. ఇక ఆమె ఎన్నాళ్ళు బతికినా తెలియనివాళ్ళ మధ్య బతికినట్టే, నేను ఎంత చేసినా పక్కింటిదాన్నే.

పింఛను వద్దని రాసిచ్చేద్దామని మా ఆయనతో అన్నాను. "పణం ఆగిపోతే అమ్మ నిలవదు" అన్నాడు. అది అమ్మ కోసం అన్నాడో, ఇన్నేళ్ళ అబద్ధం బయటపడుతుందని అన్నాడో నాకు తెలియదు. నేను కూడా రెండోసారి అడగలేదు.

ఇంకొక దారి తోచింది. ఒక పొద్దున్నే పెరటి పొయ్యిలో కట్టెలు బాగా కాలనిచ్చి, నాలుగు నిప్పులు పెంకులో వేసుకుని, రేకుల కిందికి తీసుకుపోయాను. ఆలస్యమైనా సరే, ఆచారం ప్రకారం ఇద్దామని. అత్త పెంకునూ నన్నూ చూసింది. "శుక్రవారం పూట ఇంటి నిప్పు పక్కింటికి ఇస్తారా ఎవురన్నా? తీసుకుపో తల్లీ" అంది మర్యాదగా. ఆ మర్యాద నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. నిప్పులు తెచ్చి నీళ్ళు చల్లాను.

ఆమె పోవడానికి ఇరవై రోజుల ముందు మళ్ళీ విచారణకు వచ్చారు. ఈసారి ఒక చిన్న వయసు అమ్మాయి. చెప్పులు బయట విడిచి, మంచం పక్కన గొంతుక్కూర్చుని, అవ్వను పిలిచినట్టు పాటీ అని పిలిచి, నిన్ను చూసుకునేవాళ్ళు ఎవరున్నారు అని మెల్లగా అడిగింది. అత్త నోరు తెరవకముందే నేను చెప్పేశాను. నేను ఈమె కోడల్ని, ఆ గడ్డిమోపు పట్టుకుని నిలబడ్డాయన కొడుకు, మేమే చూసుకుంటున్నాం, మొదటి నుంచీ చూసుకుంటున్నాం అన్నాను. పింఛను పోతే పోనీ, ఒక్కసారి ఆమె చెవిన పడితే చాలనుకున్నాను. ఆ అమ్మాయి పెన్ను ఆగింది. మా ఆయన గడ్డిమోపు దించలేదు.

అత్త నవ్వింది. బయటివాళ్ళతో మాట్లాడే తమిళంలో, చాలా తేటగా, ఈమె మాట నమ్మొద్దు తల్లీ, పక్కింటామె, మంచిదే కానీ ముసలిదాన్ని చూసి జాలితో ఏదేదో చెబుతుంది, నాకెవరూ లేరు అంది. ఆ అమ్మాయి మా ముగ్గుర్నీ ఒకసారి చూసి, ఏదో రాసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు కదలబోతే తెలిసింది. మంచానికి ఇవతల, ఆ అమ్మాయికి కనపడని వైపు, అత్త నా చీర చెంగును రెండు చుట్లు చుట్టి పిడికిట్లో బిగించి ఉంది. ఎప్పుడు పట్టుకుందో నేను చూడలేదు. నేను కోడలినని తెలిసే, ఇంటికొచ్చే నాలుగు రాళ్ళు పోకుండా నాటకం నిలబెట్టిందా? లేక దిక్కులేని ముసలమ్మ పక్కింటామె కూడా పోతుందేమోనని పట్టుకుందా? అడిగాను. కళ్ళు మూసుకుంది. పాలు పితికే వేళయి ఆవులు అరిచాయి, మా ఆయన చెంబు తీసుకుని పోయాడు. అత్త నిద్రలోకి జారింది. పిడికిలి వదులు కాలేదు. నేను చెంగు లాక్కోలేదు, ఆ మంచం పక్కనే వంగి నిలబడ్డాను.