వెనకనుంచి తోసే ఓక్‌జు

పియో ఓక్‌జుకి రెండు ఒలింపిక్ పతకాలున్నాయి. ఒకటి బంగారం, ఒకటి వెండి. రెండూ కొరియాలో ఉయిజంగ్బు ఊళ్ళో వాళ్ళమ్మ నడిపే ఎముకల పులుసు కొట్లో, ముల్లంగి కిమ్చీ పచ్చడి జాడీలకి కాస్త పైన గోడకి వేలాడుతుంటాయి. తినడానికి వచ్చినవాళ్ళు వాటిని చూసి అబ్బో అంటారు. ఆ ఫైనల్ ఏదో మాకూ చూపించమంటారు. వాళ్ళమ్మ టీవీలో పెడుతుంది. నలుగురు అమ్మాయిలు ఐసు మీద గిరగిరా తిరుగుతుంటారు.

"ఇందులో మీ అమ్మాయి ఎవరండీ?"

వాళ్ళమ్మ గరిటెతో టీవీ మూలకి చూపిస్తుంది. అక్కడ గోడ పక్కన, మెడదాకా జిప్పు లాక్కున్న కోటులో, చప్పట్లు కొడుతూ ఒక మనిషి కనబడుతుంది. అడిగినవాళ్ళు ఆ తర్వాత పులుసు తాగడంలో పడిపోతారు.

స్కేటింగ్ రిలేలో నలుగురు తిరుగుతారు. వాళ్ళకి తోడు అయిదో మనిషీ, ఆరో మనిషీ ఉంటారు. సెమీఫైనల్లో అయిదో మనిషిని దింపి అసలు వాళ్ళలో ఒకరికి విశ్రాంతి ఇస్తారు. ఫైనల్‌కి ఆ ఒకరు తిరిగొస్తారు, అయిదో మనిషి కోటు వేసుకుంటుంది. సెమీఫైనల్లో తిరిగింది కాబట్టి పతకం మాత్రం ఇస్తారు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. ఓక్‌జు కూడా ఆ మాటే అనేది. అడగనివాళ్ళకి కూడా అనేది.

ఆమె ఐసు ఎక్కడానికి కారణం ప్రతిభ కాదు. కొట్టు పక్కనే స్కేటింగ్ చేసే ఐసు రింక్ ఉండేది. బడి వదిలాక పిల్లని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి, కొట్లో కూర్చోబెడితే వడ్డించాల్సిన కిమ్చీ సగం తనే తినేస్తోంది. రింక్‌లో ఒక ముసలి కోచ్ ఆ పిల్ల చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి అరచేతులా, చాటలా?" అన్నాడట. మెచ్చుకోలే అది. ఈ రిలేలో కర్రలూ జెండాలూ అందించుకోవడం ఉండదు. వెనకనుంచి దూసుకొచ్చిన మనిషి, ముందు వంగి ఉన్న మనిషి నడుం కింద రెండు చేతులూ ఆనించి, తన ఒంట్లో ఉన్న వేగమంతా ఒక్క తోపుతో ఇచ్చేస్తుంది. ఇచ్చేశాక తను పక్కకి తప్పుకుంటుంది.

ఒంటరి పందేల్లో ఓక్‌జు ఎప్పుడూ నాలుగోదో అయిదోదో. తోయడంలో మాత్రం ఆమెకి సాటి లేదు. ప్రాక్టీసులో ఆమె చేత తోయించుకోవడానికి అందరూ వరస కట్టేవాళ్ళు. "ఓక్‌జు అక్క తోస్తే మా అమ్మ బడికి తరిమినట్టే ఉంటుంది, ఇక ఆగడానికి వీల్లేదు," అనేది జట్టులో అందరికంటే పేరున్న సోహ్వా. అలా పొద్దుటినుంచి సాయంత్రం దాకా అందరినీ తోసి తోసి, ఓక్‌జు అన్నిటికంటే చివర ఐసు దిగేది. ఆమెని ఎవరైనా తోయాల్సి వస్తే జట్టులో చిన్నపిల్లలు తోసేవాళ్ళు, అదీ మర్యాదగా. సెమీఫైనల్‌కి ఆ మర్యాద సరిపోయేది.

మూడో ఒలింపిక్స్ వచ్చేసరికి ఓక్‌జుకి ముప్పై దాటాయి. ఈ ఆటలో అది నాయనమ్మ వయసు. పోటీలు ఈసారి సొంత దేశంలోనే, తూర్పు తీరం ఊళ్ళో. సెమీఫైనల్ గెలిచారు, ఓక్‌జు తన వాటా తిరిగేసి అలవాటుగా కోటు వెతుక్కుంది. మర్నాడు ఒంటరి పందెంలో నలుగురిలో ఒకమ్మాయి మడమ బెణికింది. ఓక్‌జు వెళ్ళి పలకరించింది. బాధపడింది. నిజంగానే బాధపడింది. ఆ తర్వాత గదికి వచ్చి తలుపేసుకుని, దిండులో మొహం దాచుకుని నవ్వింది.

కోచ్ బాంగ్ పిలిచి చెప్పాడు. "ఫైనల్లో నువ్వే. యెరిన్ నిన్ను తోస్తుంది, నువ్వు సోహ్వాని తోస్తావు."

యెరిన్ జట్టులో అందరికంటే చిన్నది, పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఓక్‌జు ఎదురైతే గోడకి అతుక్కుని దారి ఇచ్చేది, ఓక్‌జు చెంచా ఎత్తేదాకా తను చెంచా ముట్టుకునేది కాదు. ఆ సాయంత్రం ప్రాక్టీసులో ఆ పిల్ల గాలిలా దూసుకొచ్చి, ఓక్‌జు దగ్గరికి రాగానే వేగం తగ్గించి, పెద్దవాళ్ళకి రెండు చేతులతో గ్లాసు అందించినట్టు ఆమెని నెమ్మదిగా ముందుకి అందించింది.

"ఏమ్మా యెరిన్, తోస్తున్నావా, దుమ్ము దులుపుతున్నావా?" అని అరిచాడు బాంగ్.

"క్షమించండి సార్! క్షమించండక్కా!" యెరిన్ ఐసు మీదే రెండు వైపులకీ వంగి వంగి దణ్ణం పెట్టింది. రెండోసారీ అంతే. మూడోసారి ఇంకాస్త మర్యాదగా తోసింది.

బాంగ్ ఓక్‌జుని పక్కకి పిలిచాడు. "చూడు, నీ మీద నాకేం కోపం లేదు. రేపటి ప్రాక్టీసులో కూడా ఇలాగే ఉంటే నీ బదులు ఆరో పిల్లని దింపుతాను. వాళ్ళిద్దరూ ఒక ఈడువాళ్ళు, దాన్ని యెరిన్ బాగానే తోస్తుంది."

ఓక్‌జు సరేనంది. ఒళ్ళు మాత్రం మండింది. పన్నెండేళ్ళు కోటు వేసుకుని నిలబడ్డది ఈ పిల్ల మర్యాద చూడ్డానికా?

మర్నాడు ప్రాక్టీసు సాయంత్రానికి పెట్టారు. మధ్యాహ్నం ఓక్‌జు యెరిన్‌ని వెంటబెట్టుకుని బజారు పక్కన, ఆడవాళ్ళంతా కలిసి స్నానం చేసే స్నానాల ఇంటికి వెళ్ళింది. అక్కడ బట్టలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాక పతకాలున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకటే. వేడి నీళ్ళలో నానాక ఓక్‌జు చిన్న స్టూలు మీద కూర్చుని, రుద్దుడు గుడ్డ యెరిన్ చేతికిచ్చి, వీపు తిప్పింది.

యెరిన్ రుద్దింది. పక్కన ఎవరి వీపో రుద్దుతున్న స్నానాలింటి పెద్దావిడ చేతిపని ఆపి చూసింది. "ఏమ్మాయ్, ఆ వీపు తోముతున్నావా, దానికి క్షమాపణ చెప్పుకుంటున్నావా?"

"ఆవిడ మా పెద్దక్కండీ," అంది యెరిన్.

"అయితే ఏం, పెద్దక్కకి మట్టి పట్టదా?"

ఓక్‌జు వెనక్కి తిరగకుండానే అడిగింది. "నీకు నేనంటే అంత భయం ఎందుకే? నేను నిన్ను ఒక్క మాటన్నానా?"

యెరిన్ చేతిలో గుడ్డ ఒకేచోట ఆడుతోంది. "బళ్ళో మాకో జట్టుండేదక్కా. ఒక అక్కని గట్టిగా తోశాను. పడిపోయింది. మణికట్టు విరిగింది. తర్వాత ఆ చలికాలం అంతా పెద్దవాళ్ళెవరూ నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర నేను కూర్చుంటే వాళ్ళు లేచి ఇంకో బల్లకి పోయేవాళ్ళు. అందరి బట్టలూ నేనే ఉతికాను."

"కోచ్ ఏం అనలేదా?"

"బట్టలు తెల్లగా ఉన్నాయన్నారు."

ఓక్‌జుకి కోపం దిగిపోయింది. దిగిపోవడం ఆమెకే నచ్చలేదు, ఆ కోపం పొద్దుటినుంచీ బాగా పనికొస్తోంది. "ఇలా విను. నువ్వు తోసినప్పుడు నేను పడితే, ఆ పడ్డం నాది. నిన్నెవరూ ఒక్క మాటనరు. అననివ్వను. అర్థమైందా?"

"అర్థమైందక్కా."

"అయితే రుద్దు. తోలు ఊడితే నాదే కదా ఊడేది."

యెరిన్ రుద్దింది. ఈసారి ఓక్‌జు స్టూలుతో సహా ముందుకి జరిగింది. పక్కన పెద్దావిడ "ఆ, ఇప్పుడు పనిలా ఉంది," అని తన పని చూసుకుంది. స్నానం అయ్యాక ఇద్దరూ నేల మీద కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. పెంకు నెత్తి మీద కొట్టి పగలగొట్టుకోవడం అక్కడి సరదా. ఓక్‌జు తల వంచింది. యెరిన్ కళ్ళు మూసుకుని కొట్టింది. గుడ్డు పగిలింది. ఓక్‌జుకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో బాంగ్ నోరెత్తలేదు. ఫైనల్ పట్టీలో పియో ఓక్‌జు పేరుంది. వాళ్ళమ్మ కొట్టు మూసేసి, పసుపు ముల్లంగి దట్టంగా వేసిన కింబాప్ అన్నపు చుట్టలు కట్టుకుని రైలెక్కింది.

ఫైనల్లో నాలుగు దేశాలు. ఒక దేశం నుంచి ఒకరు తిరుగుతుంటే మిగతావాళ్ళు లోపలి వైపు నెమ్మదిగా తిరుగుతూ తమ వంతుకోసం కాచుకుంటారు. మొదటి మార్పులోనే యెరిన్ ఆమెని తోసింది. అది ప్రాక్టీసు తోపు కాదు. ఓక్‌జు జన్మలో అలాంటిది ఎరగదు. తన ఒంట్లో ఇంత వేగం ఇమడుతుందని ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు. ఇన్నాళ్ళూ నేను వీళ్ళకి ఇచ్చింది ఇదా అనుకుంది. సోహ్వాని తోసి పక్కకి తప్పుకుంటున్నప్పుడు ఆమె మొహంలో నవ్వుంది. టీవీలో అందరూ చూశారు.

పందెం చివరికొచ్చేసరికి వాళ్ళు రెండో స్థానంలో ఉన్నారు. ఓక్‌జుకి అదే చివరి వంతు, ఆ తర్వాత గీత దాకా సోహ్వాదే. యెరిన్ ముందరికంటే గట్టిగా వచ్చింది. రెండు చేతులూ పడ్డాయి. ఓక్‌జు ముందుకి దూకినట్టు వెళ్ళింది, ఒక అడుగు అదుపు తప్పింది, ఆసరాకోసం చాచిన చెయ్యి పక్కన వెళుతున్న ఇటలీ అమ్మాయి మోకాలికి తగిలింది. ఇటలీ అమ్మాయి వెళ్ళి గోడ పరుపుల్లో పడింది. ఓక్‌జు పడలేదు. ఎలాగో నిలదొక్కుకుని సోహ్వాని తోసింది. సోహ్వా అందరికంటే ముందు గీత దాటింది.

జనం లేచి అరుస్తున్నారు. జడ్జీలు మాత్రం టీవీ ముందు తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. తర్వాత ప్రకటించారు. కొరియా జట్టుకి శిక్ష. స్థానం లేదు, పతకం లేదు.

లోపల బట్టలు మార్చుకునే గదిలో యెరిన్ అందరిముందూ నేల మీద మోకరిల్లి, తల నేలకి ఆనించింది. "తప్పు నాదక్కా. నేనే ఎక్కువ తోశాను."

సోహ్వా మొహం తిప్పుకుని బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. ఇంకొకామె లేచి అవతలి బల్ల మీదకి వెళ్ళి కూర్చుంది.

ఓక్‌జు నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ పిల్లని చెంపమీద కొట్టాలనిపించింది. తను తిరగని ఫైనళ్ళకి రెండు పతకాలొచ్చాయి. తిరిగిన ఒక్కదానికీ ఇది. అప్పుడు అవతలి బల్ల మీద కూర్చున్నామెని చూసింది. యెరిన్ చెప్పిన ఆ చలికాలం ఎలా మొదలై ఉంటుందో ఆమెకి అర్థమైంది.

"తోపు బాగానే ఉంది," అంది ఓక్‌జు. "నిలబడలేకపోయింది నేను."

"ఊరికే అంటున్నారక్కా."

ఓక్‌జు స్కేట్లతోనే, అంత పొడుగు మనిషీ, యెరిన్ ఎదురుగా మోకరిల్లింది. తల నేలకి ఆనించింది. పెద్దది చిన్నదానికి అలా వంగడం ఆ గదిలో ఎవరూ చూసి ఎరగరు. సోహ్వా చేతిలో బూటు జారి కింద పడింది.

యెరిన్ హడలిపోయింది. "అయ్యో లేవండక్కా! మీరు లేవండి!" భుజాలు పట్టుకుని లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. "లేవండంటే! లేస్తావా లేదా? అసలు నువ్వు నడుం ఎందుకు వంచలేదు? నిటారుగా నుంచుంటే ఎవరు తోసినా అంతే! మాకు రోజూ వంగండి వంగండి అని చెప్పేది నువ్వే కదా!"

అని, తను ఏమందో అప్పుడు విని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఓక్‌జు తల ఎత్తింది. మొహం నిండా కన్నీళ్ళు, ముక్కు కారుతోంది.

"అవునే," అంది. "వంచలేదు. నన్నెవరూ ఎప్పుడూ అంత గట్టిగా తోయలేదు. నాకు తెలీలేదు."

సోహ్వా లేచి వచ్చి, ఇద్దరి పక్కనా నేల మీద కూర్చుంది.